లంజిపల్లిలో మేనమామ పోలిక

మొన్న సంక్రాంతికి మా అబ్బాయిని తీసుకుని బరంపురం వెళ్ళాను. లంజిపల్లిలో మా మామయ్యగారిల్లు. ఆటో అతనితో ఒడియాలో బేరమాడి, గుమ్మం ఎక్కగానే తెలుగులోకి మారిపోవడం అక్కడ మామూలే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఇదంతా మద్రాసు రాజధానిలోని ప్రాంతమే కదా!

మా వాణ్ణి చూడగానే మామయ్య, "అచ్చం నా పోలికేనమ్మా!" అన్నాడు. అత్తయ్య నవ్వలేదు. "ముక్కు వస్తే రానీ, ఆ రక్తం మాత్రం రాకూడదు" అంది.

ఆ మాట వెనక కథ ఉంది. వయసులో ఉండగా మామయ్యకు మలేరియా వచ్చింది. జ్వరం తిరగబెట్టకుండా ప్రైమాక్విన్ మాత్రలిచ్చారు. మూడోనాటికి మూత్రం కాఫీ డికాక్షన్ రంగు, కళ్ళు పసుపు. మాత్రలు ఆపి, రక్తం ఎక్కించాక గండం గడిచింది. ఎర్రకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము ఆయనకు తక్కువట.

విచిత్రమేమంటే, ఈ లోపమే మలేరియా నుంచి కొంత రక్షణ కూడా. అందుకే మలేరియా ఉన్నచోటల్లా ఇది నిలిచింది. 1995లో మన దేశపు గిరిజనుల్లో ఎక్కువగా కనిపించిన ఒక రకానికి 'జీ6పీడీ ఒరిస్సా' అనే పేరే పెట్టారు. పట్టణాల్లో ఎక్కువగా కనిపించింది 'మెడిటరేనియన్' రకం. ఆ రెండో రకం బహ్రెయిన్‌లోని పాత సమాధుల అవశేషాల డీఎన్ఏలో దొరికినట్లు 2024లో ప్రకటించారు. అక్కడ వ్యవసాయం మొదలైన రోజుల్లో, అయిదారు వేల ఏళ్ళ క్రితం, అది వ్యాపించిందని వారి అంచనా. నీళ్ళు పెట్టిన పొలాలు, వాటితో దోమలు! మన ఎండకూ తేమకూ పాత ఎముకల్లో డీఎన్ఏ నిలవడం కష్టం. హర్యానాలోని రాఖీగఢీలో 61 నమూనాలు పరీక్షిస్తే ఒక్కదాంట్లోనే పనికొచ్చేంత దొరికింది. మా ఇంట్లో ఉన్నది ఏ రకమో ఎవరూ చూడలేదు.

ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. అమ్మమ్మ నుంచి మామయ్యకు వచ్చింది. అలాగే అమ్మకూ, నాకూ, నా నుంచి మా వాడికీ రావచ్చు. ఆడవాళ్ళం చాలామందిమి పైకి తెలియకుండానే మోస్తాం.

తిరిగొచ్చాక పరీక్ష చేయించాం. మా వాడికీ ఎంజైము తక్కువే. భయపడ్డాను గాని, డాక్టరుగారు వాడకూడని మందుల పేర్లు ఒక చీటీ మీద రాసిచ్చారు. వాడి పర్సులో అదెప్పుడూ ఉంటుంది.

ఫోనులో చెబితే మామయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకు ఆ చీటీ లేకపోయిందమ్మా" అన్నాడు.

మీ ఇంట్లోనూ మేనమామ కథ ఏదైనా ఉంటే, ఒక్కసారి అడిగి చూడండి.