క్రియల బాట

పరభాష నేర్వబూనిన వానికి నామవాచకాలు త్వరగానే వశమవుతాయి. క్రియలు అంత సులభంగా లొంగవు. ‘వచ్చు’ అన్న క్రియను కంఠస్థం చేసిన విదేశీయుడు ‘రండి’, ‘రాలేదు’ అన్న మాటలు వింటే, అవి దాని రూపాలేనని ఎలా గుర్తించగలడు?

1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ నేర్చిన భాష ఇటువంటిది. 1816 నాటి క్యాంప్‌బెల్ వ్యాకరణం అప్పటికే ఉంది. అయినా బ్రౌన్ పండితుల తోడ్పాటుతో శ్రమించి 1840లో తన వ్యాకరణాన్ని, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించాడు. కావ్యభాషతో పాటు జనుల నోటిమాటకూ నిఘంటువులో చోటిచ్చాడు. కడపలో ఆయన బంగళా ఉన్న స్థలంలోనే నేడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం వెలసింది.

వైద్యవిద్యకై రష్యాకు వెళ్ళే తెలుగు విద్యార్థికీ ఇదే చిక్కు. ‘వెళ్ళు’ అనే అర్థంగల ‘ఇద్తీ’ భూతకాలంలో ‘షోల్’ అవుతుంది. తాగడానికి రెండు క్రియలున్నాయి: కొనసాగే పనికి ‘పిత్’, ముగిసిన పనికి ‘వీపిత్’. రోగి మందు తాగుతూ ఉన్నాడో, తాగి ముగించాడో ఈ భేదమే తెలుపుతుంది.

కనుక క్రియాగ్రంథాన్ని ఎన్నుకొనేవారు క్రియల సంఖ్యను చూసి మురియరాదు. విన్న రూపం నుండి మూలక్రియకు అది దారి చూపాలి. జంటక్రియలను పక్కపక్కనే నిలపాలి. ఊనిక ఏ అక్షరంపై పడుతుందో గుర్తించాలి. ప్రతి క్రియకూ ఒక వాక్యం ఇవ్వాలి. పట్టికలోని క్రియ జ్ఞాపకంలో ఉంటుంది. వాక్యంలోని క్రియ నాలుకపై నిలుస్తుంది.