అంతరిక్షంలో కాఫీ ఎవరు తెచ్చారు?

సైన్స్ ఫిక్షన్ ఊహకి హద్దుల్లేవంటారు. మరి ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆ ఊహ ఎందుకు ఆగిపోతుందన్నది నన్ను చాలాకాలంగా వదలని ప్రశ్న.

ఎనభైల్లో దూరదర్శన్ ఆదివారాలు 'స్టార్ ట్రెక్' వేసేది. మట్టెవాడలో మా వీధికంతటికీ ఒకటో రెండో టీవీలు. చాప మీద పిల్లలం, గుమ్మం దగ్గర పనులు మధ్యలో ఆపి వచ్చిన ఆడవాళ్ళు. ఇంగ్లీషు ఎవరికీ అర్థమయ్యేది కాదు. అందుకే బొమ్మని మరింత శ్రద్ధగా చూసేవాళ్ళం. కుర్చీ ఎవరిది, ఆజ్ఞ ఎవరిది, తలూపేదెవరు అన్నవి తెలియడానికి భాష అక్కర్లేదు. చెవిలో ఏదో పెట్టుకుని కెప్టెన్ వెనక కూర్చునే నల్లజాతి స్త్రీని చూసి మా పెద్దమ్మ, "గామె టెలిఫోన్ ఆఫీసుల పని చేస్తదా ఏంది? అందరి మాటలు ఇంటది గని, ఆమె మాట ఎవలన్న ఇంటరా?" అంది. తర్వాత నేను చదివిన ఏ విమర్శా అంత సూటిగా లేదు.

ఆ పాత్ర పేరు ఉహురా, నటి నిషెల్ నికోల్స్. 1966లో మొదలైన ఆ సీరియల్లో నల్లజాతి స్త్రీ పనిమనిషిగా కాక అధికారిగా కనిపించడం చిన్న విషయం కాదు. మానేద్దామనుకుంటే మార్టిన్ లూథర్ కింగ్ తనని వద్దని ఆపారని ఆమే చెప్పింది. అయితే అదే నౌకలో, వంటగదిలో కరెంటు లేనప్పుడు జానిస్ రాండ్ అనే ఉద్యోగిని చేతి ఆయుధంతో కాఫీ వేడిచేసి తెస్తుంది. అది ఇరవైమూడో శతాబ్దం! పొయ్యి మారింది గానీ కాఫీ అందించే చెయ్యి మారలేదు.

1969 జూన్‌లో వచ్చిన చివరి ఎపిసోడ్‌లో, కెప్టెన్ల లోకంలో స్త్రీలకి చోటు లేదని ఒక స్త్రీ ఆక్రోశిస్తుంది. కథ ఆమెని మతి చెడినదానిగా చూపించి ముగుస్తుంది. అప్పటికి ఆరేళ్ళ ముందే, 1963లో, వాలెంతినా తెరిష్కోవా ఒంటరిగా అంతరిక్షానికి వెళ్ళొచ్చింది. నిజంగా జరిగినదాన్ని కూడా ఊహ అందుకోలేకపోయింది. కెప్టెనే ముఖ్యపాత్రగా ఉన్న స్త్రీని చూడడానికి 1995లో 'వాయేజర్' దాకా ఆగాల్సొచ్చింది.

మన దగ్గరా అంతే. 1991 నాటి 'ఆదిత్య 369'లో ప్రొఫెసర్ కూతురు హేమ కాలయంత్రమెక్కి 2504 దాకా వెళ్తుంది. యంత్రం నాన్నది, కథ హీరోది.

పదో తరగతి అయ్యాక అన్నకి ఎంపీసీ, నాకు సీఈసీ అని ఇంట్లో తేల్చేశారు. ఆడపిల్లకి లెక్కలెందుకన్నారు. దానికి సీరియల్‌ని తప్పుపట్టను. కానీ ఎదురు చెప్పడానికి నా దగ్గర ఒక్క బొమ్మ కూడా లేదు. బొమ్మ బలమేమిటో మే జెమిసన్‌ని చూస్తే తెలుస్తుంది. చిన్నప్పుడు ఉహురాని చూసి ప్రేరణ పొందిన ఆమె, 1992లో అంతరిక్షానికి వెళ్ళిన తొలి నల్లజాతి స్త్రీ అయింది. వెనక కూర్చోబెట్టిన బొమ్మే ఇంత చేసింది.

ఇప్పుడు తెర మీద స్త్రీ కెప్టెన్ వింత కాదు. అయినా నేను ఇంకో ప్రశ్న అడుగుతాను. ఆమె ఆ కుర్చీలో కూర్చున్నాక కాఫీ ఎవరు తెస్తున్నారు? మగవాడా, యంత్రమా, మరో పేద స్త్రీయా? నాలాంటి వాళ్ళం ఉద్యోగాలకి వెళ్ళగలుగుతున్నది చాలాసార్లు ఇంకో ఆడమనిషి మా గిన్నెలు తోమడం వల్లే. భవిష్యత్తు గురించి తెలుగులో రాసే రచయిత్రులు ఆ గిన్నెల దగ్గర మొదలుపెడితే బాగుంటుంది.