ఎండకు ముఖం పెట్టిన ఇళ్లు

లద్దాఖ్‌లోని లేహ్ నుంచి సింధు నది వెంట పడమరగా వెళ్తూ బాస్గో దగ్గర కారు ఆపించాను. పైన కోట ఉందని డ్రైవరు వేలు పెట్టి చూపిస్తున్నా, నాకు కాసేపు కొండ తప్ప ఇంకేమీ ఆనలేదు. గోడలన్నీ ఆ కొండ మట్టివే. ఎక్కడ కొండ ఆగిందో, ఎక్కడ గోడ మొదలైందో పోల్చుకోవాలంటే నీడల్ని పట్టి చూడాలి. కింద ఊళ్లో ఇళ్లను మాత్రం తెల్ల సున్నం, కిటికీల చుట్టూ నల్ల పట్టీలు, మిద్దె అంచుల మీద పేర్చిన గడ్డిమోపులు పట్టిస్తున్నాయి.

ఫిబ్రవరి నెల. లేహ్ ఎత్తు దాదాపు 3,500 మీటర్లు. ఏడాది మొత్తానికి పడే వాన 100 మిల్లీమీటర్ల చిల్లర. మాది అనంతపురం, కరువుకు పెట్టింది పేరు. ఆ లెక్కన మా కరువు ఇక్కడివాళ్లకు ఐదేళ్ల వాన! పైగా మాకు లేని బాధ ఇంకొకటి, చలి. రాత్రిళ్లు సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి పోవడం ఇక్కడ పెద్ద వార్తేమీ కాదు.

నేను దిగిన ఇల్లు వాలులో ఉంది. వెనుక ఉత్తరపు గోడ సగందాకా కొండలోకి దిగబడి ఉంది, దానికి ఒక్క కిటికీ లేదు. దక్షిణం వైపు మాత్రం గోడకు గోడంతా అద్దాలే. ఆ గదిని షెల్‌ఖాంగ్ అంటారట. పొద్దున పదింటికి అక్కడ కూర్చుంటే స్వెటర్ విప్పాల్సి వచ్చింది. ఇంటి పెద్దావిడను అందరూ పిలిచినట్టే నేనూ 'ఆమా-లే' అని పిలిచి, పొయ్యి వెలిగించారా అని అడిగాను. ఆవిడ నవ్వి, గడ్డం పైకెత్తి సూర్యుణ్ని చూపించింది.

అందులో మంత్రమేమీ లేదు. 34 డిగ్రీల అక్షాంశంలో డిసెంబరు చివర మధ్యాహ్నపు సూర్యుడు 33 డిగ్రీలకు మించి లేవడు. కాబట్టి ఎండ వాలుగా వచ్చి గది చివరిదాకా పాకుతుంది. అదే జూన్‌లో నడినెత్తికి దగ్గరగా పోతాడు, లోపలికి పెద్దగా రాడు. పగలంతా వేడి తాగిన మందపాటి మట్టిగోడ రాత్రి దాన్ని మెల్లగా వదులుతుంది. కిటికీ గూట్లో మోచేయి ఆనించి చెయ్యి చాపితే వేలి కొస కూడా అవతలి అంచుకు అందలేదు.

కప్పు చూడగానే నాకు మా తాతల మట్టి మిద్దె గుర్తొచ్చింది. మాకు దూలాలు, దంతెలు, ఆకూ అలమూ, ఆపైన నీళ్లు దిగనివ్వని చౌడు మన్ను. ఇక్కడ పాప్లార్ దూలాలు, వాటి మీద విల్లో పుల్లలు, గడ్డి, మన్ను, పైన మార్కలక్ అనే బంకమట్టి పూత.

మట్టి దానంతటదే చలిని ఆపుతుందనుకుంటే పొరపాటు. అది వేడిని దాచుకుంటుంది గానీ బయటికి పోకుండా గట్టిగా పట్టుకోలేదు. ఈ సంగతి ఫే గ్రామం దగ్గర సెక్‌మాల్ ప్రాంగణంలో బాగా అర్థమైంది. లద్దాఖీ ఇంజనీరు సోనమ్ వాంగ్‌చుక్, ఆయన సహచరులు 1988లో మొదలుపెట్టిన విద్యా సంస్థ ఇది. తడి మట్టిని చెక్క పలకల మధ్య పోసి, వరసవరసకీ దిమ్మిస వేసి లేపిన గోడలు. గడ్డి, రంపపు పొట్టు లాంటివి కూరి, ఆ గోడలు దాచుకున్న వేడి జారిపోకుండా చూసుకున్నారు. చలికాలంలో దక్షిణం వైపు ప్లాస్టిక్ పరదా కట్టి ఆ చోటునే కూరల తోటగా వాడతారు, ఎండాకాలం రాగానే విప్పేస్తారు. 2016లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో మట్టి కట్టడాలకిచ్చే టెర్రా అవార్డు ఇక్కడి భవనానికి వచ్చింది. నాకు మాత్రం అవార్డు కన్నా అక్కడి పాలకూర మడి ఎక్కువ నచ్చింది. బయట బకెట్లో నీళ్లు రాయిలా గడ్డకట్టి ఉన్నాయి మరి.

ఇళ్లు కొండలో కలిసిపోవడాన్ని ఈమధ్య రిసార్టులవాళ్లు కూడా అమ్ముకుంటున్నారు. సిమెంటు గోడకు మట్టిరంగు పూసి, మీద నాలుగు పుల్లలు పరుస్తారు. ఉత్తరానికి పెద్ద అద్దాలు పెడతారు, అటు మంచుకొండ కనిపిస్తుందని! రంగు కలిస్తే ఏం లాభం, దిక్కు కలవనప్పుడు? పాత ఇళ్లు అందం కోసం కొండలో కలవలేదు. దూరం నుంచి సరుకు తెచ్చుకునే స్తోమత లేక కలిశాయి.

అలాగని సిమెంటుకు మళ్లినవాళ్లను తప్పుపట్టడానికీ నాకు నోరు రాలేదు. 2010 ఆగస్టులో అర్ధరాత్రి మేఘం బద్దలై, లేహ్ చుట్టుపక్కల రెండు వందలమందికి పైగా పోయారు. ఆ వరదలో మట్టి ఇళ్లు కరిగిపోయాయి. వానే లేని చోటికని కట్టిన కప్పు, వాన వస్తే ఏం చేస్తుంది? ఆమా-లే కొడుకు అదే అన్నాడు: "మా మిద్దె ఇప్పుడు కారుతోంది సార్. మార్కలక్ పూత వేసే మనుషులూ దొరకడం లేదు. దొరికినా కూలీ గిట్టదు."

అందుకే పక్కన నాలుగు సిమెంటు గదులు వేశాడు. వాటిలో ఫ్లష్ బాత్రూములు కూడా పెట్టాడు, అతిథులు అడుగుతారని. ఇంటివాళ్లు మాత్రం ఇప్పటికీ పై అంతస్తులోని పొడి మరుగుదొడ్డినే వాడతారు. పని కాగానే పారతో మన్ను వేస్తే సరి, చుక్క నీరు అక్కర్లేదు. వసంతంలో ఆ ఎరువు బార్లీ చేలకు పోతుంది.

కొత్త గదులు చూస్తానంటే తాళం తీశాడు. లోపల నోట్లోంచి పొగలొచ్చాయి. పైపులు గడ్డకట్టి పగులుతాయని నవంబరులోనే నీళ్లు ఖాళీ చేశాడట. "మార్చి దాకా మూసేస్తాను," అన్నాడు. "వచ్చే ఏడు పైన ఇంకో రెండు గదులు వెయ్యాలి. ఈసారి కిటికీలు దక్షిణానికి పెట్టమని అమ్మ గొడవ చేస్తోంది."

పెట్టమన్నాను. సరే, మేస్త్రీతో మాట్లాడతానన్నాడు.