తగ్గింది బరువొక్కటే కాదు

రోజుకు 800 క్యాలరీలతో ఇంటి పని, పొలం పని చేసుకోవచ్చని నమ్మడం నేను చేసిన తప్పు. మా ఆడబిడ్డ పెళ్లినాటికి సన్నబడాలని, ఫోన్‌లో చూసిన వీడియోను పట్టుకుని, ఏ డాక్టర్‌నీ అడగకుండా మొదలుపెట్టాను. పొద్దున నిమ్మరసం, మధ్యాహ్నం కీర ముక్కలు, తొక్కుతో కప్పుడు అన్నం, రాత్రి సూపు. అంతే.

మాది వర్ని. నిజాంసాగర్ కాలువ కింద వరి పండే నేల. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక చెరకు వేసిన మళ్లు కూడా చాలా మటుకు వరికే మళ్లాయి. ఇంట్లో బియ్యానికి కొదవ ఉండదు. అందుకే మా పళ్లెంలో ఎప్పుడూ అన్నం కుప్ప, పక్కన కాస్త పప్పు, కాస్త కూర. సన్నబడాలనుకున్నప్పుడు తగ్గించాల్సింది ఆ కుప్పను. నేను మాత్రం కొవ్వు పెరుగుతుందన్న భయంతో గుడ్డు, పెరుగు, పల్లీలు, పప్పు ముందు మానేశాను. ఒంటికి బలమిచ్చేవి అసలే తక్కువ, వాటినే తీసేశాను.

మొదట్లో బరువు గబగబా తగ్గింది. అదంతా కొవ్వేనని మురిసిపోయాను. తిండి తగ్గగానే ఒళ్లు ముందుగా కాలేయంలో, కండల్లో దాచుకున్న గ్లైకోజెన్‌ను వాడుకుంటుంది. దాన్ని అంటిపెట్టుకున్న నీళ్లూ దాంతోపాటే పోతాయి. మాంసకృత్తులు చాలకపోతే కండా కరుగుతుంది. ఆ తర్వాత ఒళ్లు ఖర్చు తగ్గించుకుంటుంది. ఎండాకాలంలోనూ నాకు చలేసేది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు తిండి సగానికి దగ్గరగా తగ్గించి చూశాడు. వాళ్లకూ చలి, నీరసం, రోజంతా తిండి ధ్యాసే.

నాట్ల రోజుల్లో కూలీలకు సద్ది గంప ఎత్తుకుని గట్టు మీద నడుస్తుంటే కళ్లు బైర్లు కమ్మాయి. గంప దించి అక్కడే కూలబడ్డాను. “తిండి మానేసుడు కాదు బిడ్డా, రోగం కొని తెచ్చుకునుడు” అంది అత్తమ్మ. అప్పటికే నెలసరి తప్పుతోంది. తల దువ్వుకుంటే దువ్వెన పళ్ల నిండా వెంట్రుకలే. తిండి తగ్గించిన రెండు మూడు నెలలకు జుట్టు రాలడం మొదలవుతుందట. అందుకే కారణం నాకు తట్టలేదు.

నిజామాబాద్‌లో రక్తపరీక్ష చేయిస్తే, కనీసం 12 ఉండాల్సిన హిమోగ్లోబిన్ 9 దగ్గరుంది. ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. కడుపునిండా తినేవాళ్లకే అది అందడం కష్టం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా, 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి ఒంటికి పస్తులు తోడైతే ఏమవుతుందో నా రిపోర్టే చెప్పింది.

ఇప్పుడూ బరువు తగ్గుతున్నాను, నెమ్మదిగా. అన్నం రెండు గరిటెలు తగ్గించి పప్పు రెండు గరిటెలు పెంచాను. రోజూ గుడ్డు, పెరుగు. నిమ్మరసం పిండిన తోటకూర. నిమ్మలోని సి విటమిన్‌తో ఆకుకూరలోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఆ ఐరన్ సరిగా అందదు కాబట్టి ఆ అలవాటు మానుకున్నాను.

800 క్యాలరీల తిండి డాక్టర్ కనిపెట్టుకుని ఉండగా, కొందరికి మాత్రమే పెట్టేది. మరీ వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. షుగర్ మందు వేసుకుని తిండి మానేస్తే చక్కెర పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు అసలు ఆ జోలికి పోవద్దు. పెళ్లి పేరుతో కడుపు మాడ్చుకుంటున్న మా ఊరి ఆడపిల్లలకు చెప్పేదొకటే: తిండి తగ్గించేముందు రక్తపరీక్ష చేయించుకోండి, పళ్లెంలోంచి ఏం తీసేస్తున్నారో డాక్టర్‌కు చెప్పి అడగండి.