భివండి అవ్వ

ముసలమ్మల పాత ఆసుపత్రి చీటీలు తిరగేస్తే వృత్తి అన్నచోట ‘గృహిణి’ అనో ‘ఏమీ లేదు’ అనో ఉంటుంది. తుంగతుర్తి లాంటి చోట వైద్యం చేసేవాడు ఆ మాట నమ్మితే సగం జబ్బు దొరకదు. మా చుట్టుపక్కల పద్మశాలి ఇళ్లలో మరమగ్గాల పనికి మహారాష్ట్రలోని భివండికో సోలాపూర్‌కో, గుజరాత్‌లోని సూరత్‌కో పోయిన చుట్టం ఉండనే ఉంటాడు. అలా పోయిన మగవాళ్లను ‘సాంచెలు (మరమగ్గాలు) నడిపిండు’ అంటారు. ఆడవాళ్లను ‘వెంబడి పోయింది’ అంటారు.

అట్లా వెంబడి పోయిన ఒక అవ్వ 2020 ఎండాకాలంలో, లాక్‌డౌన్ రోజుల్లో, మనుమడితో ఊరికి తిరిగొచ్చింది. ఆయాసం, ఆగని దగ్గు. చుట్ట, బీడీ ముట్టలేదు. చేతిలో ఆస్తమా అని రాసిన చీటీల కట్ట. ఏం అడిగినా నా ముఖం చూసి ఊరుకునేది. మనుమడు చెవి దగ్గర అరిచినా అంతే. ఆమె చూపు నా మాస్కు మీదనే ఆగి ఉందని గమనించి, బయట చెట్టు కింద దూరంగా నిలబడి, మాస్కు దించి మళ్లీ అడిగాను. అప్పుడు వెంటవెంటనే జవాబులొచ్చాయి.

“సాంచెల చప్పుడుల మాట యాడ ఇనొస్తది సారూ? పెదవులు చూసుడే” అంది.

పవర్‌లూమ్ షెడ్డులో చప్పుడు తరచూ 90 డెసిబెల్స్ దాటుతుంది. ఎనిమిది గంటల పనికి మన ఫ్యాక్టరీ నిబంధనలు పెట్టిన హద్దే అది. ఆ మోతకు ముందుగా పోయేది సన్నని శబ్దాలు పట్టే శక్తి. మగవాళ్ల బొంగురు గొంతు కొంత అందుతుంది, చిన్నపిల్లల మాట అందదు. మునిమనుమరాలు ఏమంటుందో తెలియక, ఆ పిల్ల నవ్వినప్పుడల్లా తనూ నవ్వేదట.

భివండికి ఎప్పుడు పోయినవవ్వా అంటే, “స్వరాజ్యమ్మ మొదలు గెలిచిన ఏడు” అంది. మల్లు స్వరాజ్యం గారు తుంగతుర్తి నుంచి మొదటిసారి ఎమ్మెల్యే అయింది 1978లో. మా పెద్దవాళ్ల దగ్గర కాలం ఇట్లాగే దొరుకుతుంది, ఓపిగ్గా అడగాలి.

భివండిలో తెలుగువాళ్లుండే పద్మానగర్‌లో సాంచెల చప్పుడు మధ్యనే ఒకటే గది. మగడు షెడ్డుకు పోతే ఆమె గదిలోనే రాట్నం ముందు కూర్చుని సాంచెలకు నూలు కండెలు చుట్టేది. వంట అక్కడే, పసిపిల్ల నిద్ర అక్కడే, నూలు ధూళి అక్కడే. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన బొంబాయి మిల్లు కార్మికులు సమ్మెకు దిగాక బట్ట పని చాలావరకు భివండి సాంచెల మీదికి మళ్లింది. ఆమెకు ఆ చరిత్రంతా తెలిసింది నూలు గంపల లెక్కలోనే. ఒక గంప వచ్చేచోట రెండు వచ్చాయంది. 1984 మే నెల మత అల్లర్లలో తలుపులు బిగించుకుని ఉన్నప్పుడు సాంచెలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికి పిల్లలు నిద్రపట్టక ఏడ్చారట. చప్పుడులో పుట్టిన పిల్లలు మరి.

నేను అడగకముందే ఆమె ఒక మాట చెప్పింది. సెలవు తెల్లారి రాట్నం ముందు కూర్చుంటే ఛాతీ పట్టేసినట్టుండేదట, రెండు మూడు రోజులకు సర్దుకునేదట. పత్తి ధూళి వల్ల వచ్చే బిస్సినోసిస్ మొదట్లో సరిగ్గా ఇట్లాగే కనిపిస్తుంది. వడుకు మిల్లుల్లో ఎక్కువ, నేత పనిలో తక్కువ. దీనికి ప్రత్యేకమైన రక్తపరీక్ష లేదు, ఎక్స్‌రే చూసి తేల్చలేం. రోగి చెప్పేదే ఆధారం. ఆమె ఎక్స్‌రేలో పాత టీబీ మచ్చలూ ఉన్నాయి, ఊళ్లో కట్టెల పొయ్యి పొగా ఉంది. ఏది ఎంత చెడగొట్టిందో విడదీయలేను. కానీ ఆస్తమా అని ఒక్క ముక్క రాసి వదిలేయడం ఆమె బతుకును లెక్కలోకి తీసుకోకపోవడమే.

అప్పుడు అమల్లో ఉన్న 1923 నాటి కార్మికుల పరిహార చట్టంలో బిస్సినోసిస్ వృత్తి జబ్బుల జాబితాలో ఉండేది. అయితే ఇంట్లో కండెలు చుట్టినదానికి యజమాని ఎవరు? ఏ రిజిస్టర్‌లో పేరుంది? సోలాపూర్‌లో ఇంట్లోనే బీడీలు చుట్టే తెలుగు ఆడవాళ్లు సంఘం కట్టారు. కార్మిక నాయకుడు నర్సయ్య ఆడం వెంట ఏళ్లకేళ్లు కొట్లాడి 2006లో 10,000 ఇళ్లు సాధించుకున్నారు. వాళ్లలో ఒకామె నా దగ్గరికొస్తే, కొడుకు ‘ఇంట్లనే ఉండేది సార్’ అంటుండగానే బీడీ కార్మికుల కార్డు తీసి బల్ల మీద పెట్టింది. భివండి అవ్వ దగ్గర అట్లాంటి కాగితం లేదు. కుడిచేతి చూపుడువేలి మీద నూలు కోసిన గాడి ఉంది, గోటితో తడిమితే తెలిసేంత లోతుగా.

ఇన్‌హేలర్ మందు పీల్చడానికి ప్లాస్టిక్ సీసాకు రంధ్రం చేసి ఇచ్చాం. సీసా పట్టుకుని ‘ఏక్, దోన్, తీన్’ అని లెక్కపెట్టేది. తెలుగులో లెక్కపెట్టమని పిల్లలు ఆటపట్టిస్తే పదిదాకా వచ్చి మళ్లీ మరాఠీలోకి పోయేది. పోయినచోట బతుకమ్మ మానలేదట, తంగేడు దొరకనప్పుడు బంతిపూలే పేర్చిందట. దవాఖానకు వచ్చిన ప్రతిసారీ వరుసలో ఉన్న పసిపిల్లల్ని ఒళ్లోకి తీసుకునేది, తల్లులు అడ్డు చెప్పేవాళ్లు కాదు. నాకు ఆమె అంటే ఇష్టం. ఆమె చీటీలో వృత్తి దగ్గర ‘కండెలు చుట్టే పని, భివండి’ అని రాశాను.

రెండు చలికాలాలు గడిచి, మూడోదాంట్లో ఊపిరితిత్తులకు నిమ్ము చేసి పోయింది. దినాలయ్యాక మనుమడు వచ్చి ఆ చీటీ జిరాక్స్ అడిగాడు, ఇచ్చాను. చదువుకుని మడిచి జేబులో పెట్టుకుంటూ, “మా నాయిన కొన్న మొదటి రెండు సాంచెలకు బయానా కట్టింది నానమ్మ కండెల పైసలతోనే సార్” అన్నాడు. నాతో ఆమె ఆ సంగతి ఏనాడూ అనలేదు.