గర్రుమనని యాంప్ కోసం

మా మ్యూజిక్ క్లబ్ గదిలో ఉన్న గిటార్ యాంప్ పేరు పిండిమర. ఎవరు పెట్టారో తెలీదు, మా సీనియర్ల సీనియర్ల కాలం నుంచీ అదే పేరు. 15 వాట్లు. ముందు గుడ్డ చిరిగిపోయింది. ఒక నాబ్ ఊడిపోతే దాని బదులు పెన్ను మూత తగిలించారు. ఏ గిటార్ పెట్టినా, ఏ పాట వాయించినా ఎండుమిరపకాయలు ఆడిస్తున్నట్టు గర్ర్ అంటుంది.

నిజం చెప్పాలంటే రెండేళ్లు నాకు అదే నచ్చింది. రాక్ పాటలకి ఆ గరగర ఉంటేనే మజా.

చిక్కు ఈసారి ఫెస్ట్‌కి వచ్చింది. మా క్లబ్‌లో పాడే అక్క ఒకామె ఫైనల్ ఇయర్. మెత్తటి గొంతు, గట్టిగా పాడే రకం కాదు. పోయినేడు ఆమె పాడుతుంటే నేనే వాయించాను. ఆ వీడియో చూసి వాళ్ళ నాన్నగారు "బాగుందమ్మా, ఇంతకీ నువ్వు పాడేది ఎప్పుడొస్తుంది?" అని అడిగారట. అక్క నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు. ఈసారి ఆయన ఊరి నుంచి స్వయంగా వస్తున్నారు. డ్రమ్స్ వద్దు, కీబోర్డ్ వద్దు, ఒక్క గిటార్ చాలంది అక్క. "కానీ ఆ పిండిమర మాత్రం వద్దు తమ్ముడూ, నీకు దణ్ణం పెడతా."

ముందు ఇంటర్నెట్ మీద పడ్డాను. క్లీన్ టోన్ అనగానే అందరూ చెప్పే పేర్లు రెండు. ఒకటి ఫెండర్ ట్విన్ రివర్బ్, వాల్వులతో నడిచే 85 వాట్ల పెట్టె. రెండోది 1975లో వచ్చిన రోలాండ్ జేసీ-120. దీంట్లో వాల్వుల్లేవు, అంతా ట్రాన్సిస్టర్లే. 60 వాట్ల యాంప్‌లు రెండు, 12 అంగుళాల స్పీకర్లు రెండు. ధర చూసి ట్యాబ్ మూసేశాను. కానీ ఒక డౌటు మిగిలింది. శుభ్రంగా వినపడటానికి అన్ని వాట్లు ఎందుకు? మనకి కావాల్సింది మెత్తటి శబ్దమే కదా?

జవాబు మా ల్యాబ్‌లోనే దొరికింది. ల్యాబ్ అసిస్టెంట్ గారిని బతిమాలి పిండిమరని టేబుల్ ఎక్కించాను. ఫంక్షన్ జనరేటర్ నుంచి 1 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్ పంపి, ఇంకో వైపు ఆసిలోస్కోప్ పెట్టాం. వాల్యూమ్ 3 దాకా అల గుండ్రంగానే ఉంది. 4 దాటగానే పైనా కిందా కత్తెరతో కోసినట్టు చదునైపోయింది. పవర్ సప్లై ఇచ్చే వోల్టేజ్‌ని దాటి అల పైకి లేవలేదు మరి, ఇంటికప్పు తగిలి ఆగిపోతుంది. క్లిప్పింగ్ గురించి పరీక్షలో బొమ్మ వేసి ఆరు మార్కులు తెచ్చుకున్నవాణ్ణే, గదిలో రెండేళ్లు విన్నది అదేనని తట్టలేదు.

ఒక్క తీగ మీటితే ఈ కోత అంత బాధ పెట్టదు, కొంచెం కారం తగులుతుందంతే. కార్డ్ పట్టుకుంటేనే రచ్చ. ఆరో తీగ సుమారు 82 హెర్ట్జ్, అయిదోది 110. కోత పడ్డ యాంప్ వీటిని కూడి 192, తీసేసి 28 కూడా పుట్టిస్తుంది. ఆ 192 ఏ స్వరం మీదా సరిగ్గా కూర్చోదు. ఆరు తీగలకీ ఇలాంటి కూడికలూ తీసివేతలూ ఎన్ని వస్తాయో లెక్కేసుకోండి. అక్క గొంతుని మింగింది నేను మీటని ఆ స్వరాలే.

పోనీ 30 వాట్లది కొంటే? వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపుగా అనిపించాలంటే దాదాపు పదింతలు కావాలి. ఆ పెద్ద పెట్టెలు అంత పెద్దగా ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది. ఇంటికప్పు ఎత్తుగా ఉంటే తల తగలదు.

శనివారం కోఠి వెళ్లాను. గుజరాతీ గల్లీలో స్పీకర్లూ, వైర్లూ, సర్క్యూట్ బోర్డుల మధ్య గంటన్నర తిరిగాను. ఒక షాపులో పెద్దాయన నా కథంతా విని, "సాఫ్ ఆవాజ్ కావాలంటే గిటార్ యాంప్ ఎందుకు బాబూ? కీబోర్డ్ యాంప్ చూసుకో. వాళ్ళకి గర్రు పనికిరాదు" అన్నాడు. ఆయన దగ్గరున్న సెకండ్‌హ్యాండ్‌ది 14,000. నా జేబులో 4,000. ఛాయ్ తాగి వచ్చేశాను.

కీబోర్డ్ యాంప్ మాట వినగానే మా జూనియర్ ఒకడు "మా చర్చిలో ఉందన్నా, 100 వాట్లది" అన్నాడు. పాస్టర్ గారు ఒక్కటే షరతు పెట్టారు. ఆదివారం పొద్దున ఆరాధన మొదలయ్యేసరికి అది దాని చోట ఉండాలి. ఫెస్ట్ శనివారం రాత్రి.

పది రోజుల ముందు, రిహార్సల్ కోసం ఒక సాయంత్రం తెచ్చాం. దాంట్లో ట్వీటర్ ఉంటుంది కాబట్టి గిటార్ గాజుపెంకులా గుచ్చుకుంది. ట్రెబుల్ బాగా తగ్గిస్తే దారికొచ్చింది. అప్పుడు వినిపించింది అసలు సంగతి. ఎఫ్ కార్డ్ దగ్గర టప్‌మని ఒక చచ్చిన శబ్దం. కార్డ్ మారినప్పుడల్లా తీగ కీచుమంటోంది. యాంప్ పాడైందేమోనని కేబుల్ మార్చాను. జాక్ తుడిచాను. అక్క కాసేపు చూసి, "యాంప్ కాదురా, నీ చూపుడు వేలు" అంది.

రెండేళ్లుగా ఆ కార్డ్‌ని తప్పుగానే పట్టుకుంటున్నానన్నమాట. పిండిమర కప్పిపెట్టింది. మొదటిరోజు ఒళ్ళు మండింది, ఆ పాత యాంపే నయమనిపించింది కూడా. తర్వాత పది రాత్రులు హాస్టల్ మేడ మీద, ప్లగ్ పెట్టకుండా, అదొక్క కార్డే. నా రూమ్మేట్‌కి ఎఫ్ అంటే ఇప్పటికీ పడదు.

ఫెస్ట్ రోజు రెండో చరణంలో వేలు ఒకసారి జారింది. హాల్లో ఉన్నవాళ్ళందరికీ వినపడే ఉంటుంది. అక్క అర మాత్ర ఆగి, నన్ను కలుపుకుని ముందుకెళ్లింది. చివరి మాట ఆమె దాదాపు గుసగుసలా పాడింది. అది కూడా వెనక వరస దాకా వెళ్లింది.

రాత్రి పదిన్నరకి యాంప్‌ని ఆటో ఎక్కిస్తుంటే రెండో వైపు పట్టడానికి మనిషి లేడు. అక్క వాళ్ళ నాన్నగారు వచ్చి, చొక్కా చేతులు మడిచి ఒక చెయ్యి వేశారు.

"ఇదేనా బాబూ ఆ పిండిమర?"

"కాదండీ, అది గదిలో ఉంది."

"అదీ అనుకున్నా," అని ఆయన పెట్టెని లోపలికి తోశారు.