ఇంజనులో గేటు కాపలా

కొన్నేళ్ళ కిందటి మాట. మా అమ్మమ్మకు కుప్పంలో ఆపరేషను. "మత్తుమందు ఇచ్చేలోగా నా కూతుర్ని ఒక్కసారి చూడాలి," అని ఆవిడ కోరింది. తెల్లవారుజామునే మదనపల్లెలో అమ్మను కారు ఎక్కించుకుని బయలుదేరాను.

ఆ కారుకు ఇంజనాయిలు మార్చే గడువు దాటి ఆరు నెలలయింది. ఆ డబ్బుతో నేను సీట్లకు కొత్త తొడుగులు కొన్నాను. ఈ సంగతి అమ్మకు తెలియదు.

పుంగనూరు చేరేసరికి బండి వణకసాగింది. నా ఎదుట పసుపుపచ్చ దీపం వెలిగింది. రోడ్డు పక్క షెడ్డులో ఉన్న పెద్దాయన ఇంజను చప్పుడు విని, "ఏమప్పా, ఆయిలు మార్చి ఎన్నాళ్ళయింది?" అన్నాడు. నేను తల వంచుకున్నాను.

ఇంజను చల్లబడేదాకా ఆగక తప్పలేదు. అంతలో ఆయన ఇలా చెప్పాడు:

"గాలి రావటానికీ, పొగ పోవటానికీ ఇంజనులో వాల్వులనే తలుపులున్నాయి. వాటిని తెరిచేది కామ్‌షాఫ్టు. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే, ఒక్కొక్క తలుపు సెకనుకు 25 సార్లు తెరుచుకోవాలి! బడి గేటు చూశావు గదా? పిల్లలు ఒకరొకరుగా వస్తుంటే గంట కొట్టగానే మూయవచ్చు. గుంపుగా పరుగెత్తి వస్తుంటే, ఆ ఊపులో వెనకవాళ్ళు ఇంకా వస్తూనే ఉంటారు. కాస్త ఆగి మూయాలి. గాలీ అంతే. ఇంజను వేగంగా తిరిగేటప్పుడు తలుపు ఆలస్యంగా మూస్తే ఎక్కువ గాలి దక్కుతుంది. మెల్లగా తిరిగేటప్పుడు అలా చేస్తే, వచ్చిన గాలే వెనక్కి పోతుంది."

పాత కార్లలో ఈ వేళ మారేది కాదు. 1980లో ఇటలీలోని ఆల్ఫా రోమియో కంపెనీ తన కారులో దాన్ని మార్చే ఏర్పాటు పెట్టింది. ఇప్పుడు చాలా కార్లలో కామ్‌షాఫ్టు చివర ఫేజరు అనే చక్రం ఉంటుంది. దాని గదుల్లోకి ఒక పక్కనుంచి ఆయిలు తోస్తే కామ్‌షాఫ్టు కొన్ని డిగ్రీలు ముందుకూ, రెండో పక్కనుంచి తోస్తే వెనక్కూ జరుగుతుంది. ఎటు తోయాలో కంప్యూటరు చెబుతుంది. కరెంటుతో పనిచేసే ఒక చిన్న వాల్వు ఆయిలును అటు పంపుతుంది. చూశారా పిల్లలూ, ఈ కాపలావాడి చేతులు ఆయిలుతోనే కదులుతాయి!

పెద్దాయన ఆ చిన్న వాల్వును ఊడదీశాడు. దాని సన్నని జల్లెడ నిండా నల్లని మడ్డి.

"ఆయిలు పాతబడితే ఇట్లా అవుతుంది. వాల్వు బిగుసుకుని, కామ్‌షాఫ్టు ముందుకు జరిగిన చోటే నిలిచిపోయింది. అందువల్ల గాలి తలుపు, పొగ తలుపు రెండూ తెరిచి ఉండే సమయం పెరిగి, కాలిన పొగ కొత్త గాలిలో కలుస్తున్నది. అదే ఈ వణుకు. ఆయిలు తగ్గినా, చెయిను సాగినా, ఫేజరు అరిగినా ఇటువంటి జబ్బే వస్తుంది," అన్నాడు.

ఆయన వాల్వు కడిగి, కొత్త ఆయిలూ, ఫిల్టరూ వేశాడు. వణుకు పోయింది. కాని మేము పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి అమ్మమ్మను లోపలికి తీసుకుపోయారు. అమ్మ మూసిన తలుపుకేసి చూస్తూ రెండు గంటలు నిలబడింది.

సాయంత్రం అమ్మమ్మ కళ్ళు తెరిచి, "వచ్చావా?" అన్నది. అప్పుడు నేను సీటు తొడుగుల సంగతి అమ్మకు చెప్పేశాను. అమ్మ కోప్పడలేదు.

"ఈసారి ఆయిలు మార్చే తేదీ నాకు చెప్పు," అన్నది.

అప్పటినుంచీ ఆ తేదీని వంటింటి క్యాలెండరులో అమ్మే రాస్తున్నది.